పెళ్లిరోజుకి బుడుగుని పిలవండి

తెలుగు శుభలేఖల్లో ఓ చిన్న ముక్క తరచుగా కనిపిస్తుంది: ‘తెల్లవారితే శుక్రవారం’. ముహూర్తం రాత్రి ఒంటిగంటకో రెండింటికో పడిందనుకోండి, పంచాంగానికి అది ఇంకా గురువారమే. సూర్యుడు పొడిస్తే తప్ప దానికి వారం మారదు. గడియారానికి మాత్రం శుక్రవారం వచ్చి గంట దాటిపోయింది. పెళ్లినాడు ఈ తేడా ఎవరికీ పట్టదు. ఏడాది తిరిగేసరికి అదే మొదటి పేచీ అవుతుంది. కార్డు మీది తేదీయా, తాళి పడిన తేదీయా, అత్తగారు లెక్కకట్టే తిథా? పేచీ చిన్నదే కానీ దాని వెనక ఓ సంగతి ఉంది: ఈ పండక్కి మన దగ్గర శాస్త్రం లేదు. వినాయక చవితికి ఏ పత్రి తేవాలో, సంక్రాంతికి ఏ పూట ఏం వండాలో చెప్పడానికి ఇంటికొకరు ఉంటారు. పెళ్లిరోజున ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు లేరు. షష్టిపూర్తికి తంతు ఉంది కదా అంటారేమో, అది మొగుడి వయసుని బట్టి వచ్చేది, పెళ్లి వయసుని బట్టి కాదు. ఆవిడ ఎన్నేళ్లు కాపురం చేసిందన్నది ఆ లెక్కలోకే రాదు. ఇలా ఖాళీగా ఉన్న చోటుని బజారు వచ్చి ఆక్రమించింది. కేకు, బొకే, ఫ్లెక్సీ, అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే వాట్సాప్ స్టేటస్.

శాస్త్రం లేని ఈ పండగ విశాఖపట్నం లాంటి ఊళ్లో గట్టిగా వేళ్లూనుకోవడానికి కారణం ఉంది. ఈ ఊరు కొలువుల మీద పెరిగిన ఊరు. 1933లో రేవు తెరిచారు. 1941లో సింధియా వాళ్ల ఓడల కార్ఖానాకి పునాది పడింది. 1948లో అక్కడ కట్టిన ‘జల ఉష’ నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగింది. 1957లో కాల్టెక్స్ వాళ్ల చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. 32 మంది ప్రాణాలు ధారపోసిన ఉద్యమం తర్వాత 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. గోదావరి అని పేరు పెట్టుకున్న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1990లో వెలిగింది. వీటికి తోడు తూర్పు నౌకాదళం. ఒక్కొక్కటీ వచ్చినప్పుడల్లా శ్రీకాకుళం నుంచి, గోదావరి జిల్లాల నుంచి, గుంటూరు నుంచి, సీమ నుంచి, పక్కనున్న ఒడిశా నుంచి కొత్త కాపురాలు దిగాయి. మామ్మ ఊళ్లోనే ఉండిపోయింది, ఆమెతోపాటు తిథులూ అక్కడే ఉండిపోయాయి. క్వార్టర్స్‌లో పక్కింటివాళ్లకి తెలిసేది తేదీ ఒక్కటే. జీతం తేదీ, సెలవు చీటీ తేదీ, షిఫ్ట్ మారే తేదీ. కొలిమి దసరాకీ ఆగదు, దీపావళికీ ఆగదు. ఉదయం ఆరు నుంచి రెండు దాకా ఎ షిఫ్ట్, రెండు నుంచి పది దాకా బి షిఫ్ట్, రాత్రంతా సి షిఫ్ట్. ఇలాంటి చోట బంధువులు అక్కర్లేని, పురోహితుడు అక్కర్లేని, ఇద్దరుంటే చాలనిపించే పండగ నిలదొక్కుకోవడంలో వింతేముంది?

ఈ పండగ జరుగుతున్న తీరు చూడండి. సాయంత్రం రామకృష్ణా బీచ్, ఓ మురీ మిక్చర్ పొట్లం. లేదంటే కైలాసగిరి ఎక్కి శివపార్వతుల తెల్లటి విగ్రహాల ముందు నిలబడి ఫొటో, పిల్లలుంటే వాళ్ల కోసం బొమ్మరైలు. రాత్రికి హోటల్లో బిర్యానీ, కేకు మీద క్రీముతో రాసిన ఇద్దరి పేర్లు. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. సముద్రం పక్కనున్న ఊళ్లో సముద్రం దగ్గరికి వెళ్లకపోతేనే తప్పు. నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఇందులో ఉన్నదంతా దంపతులు పైవాళ్లకి చూపించుకునేది. ఇద్దరి మధ్యా జరిగేది ఏమీ లేదు. ఫొటో తీసేవాడికి ముఖం చూపిస్తారు, ఒకరికొకరు చూపించుకోరు. కేకు ముక్క నోట్లో పెట్టడం కూడా కెమెరా కోసం రెండుసార్లు జరుగుతుంది. ఈ రోజుకి ఇంట్లో, ఇద్దరే ఉండి చేసుకునే తంతు ఒకటి కావాలి. అది కొత్తగా కనిపెట్టనక్కర్లేదు, ఇద్దరి చిన్నతనాల్లోనూ ఉంది. చిన్నప్పుడు ఇష్టపడ్డ ఓ కథలో మనిషిని ఆ రాత్రి ఇంటికి పిలవడం. నా ఓటు బుడుగుకి. ఎందుకో చెబుతాను.

మన పెళ్లిళ్ల చరిత్రలో మేనరికం చాలాకాలం రాజ్యమేలింది. దానివల్ల పుట్టబోయే పిల్లలకి వచ్చే జబ్బుల ముప్పు గురించి డాక్టర్లు చెప్పేది నిజమే, అది తగ్గడం మంచిదే. కానీ మేనరికంలో ఒకటుండేది. బావా మరదలూ ఒకే పెరట్లో ఆడారు, ఒకే అమ్మమ్మ దగ్గర కథ విన్నారు, ఒకే జామచెట్టు మీంచి పడ్డారు. మొగుడూ పెళ్లాలు కాకముందే వాళ్లకి ఉమ్మడి బాల్యం ఒకటి ఉంది. ఇప్పటి పెళ్లిలో అది లేదు. పలాస పిల్లకి ప్రొద్దుటూరు పిల్లాడితో సంబంధం కుదురుతుంది, గాజువాకలో కాపురం పెడతారు. ఆవిడకి పిల్లలు ‘గుంటలు’, ఆయనకి ఆ మాట వింటే మొదట నీళ్లగుంట గుర్తొస్తుంది. ఆవిడ చిన్నప్పటి వీధి ఆయనకి తెలియదు, ఆయన బడి ఆవిడ చూడలేదు. ఎంత ప్రేమగా చెప్పుకున్నా అవి ఒకరు చెప్పగా ఇంకొకరు విన్న సంగతులే. అలాంటి ఇద్దరికీ విడివిడిగా, ఒకరి ఎరుక ఒకరికి లేకుండా, చిన్నప్పుడే పరిచయమైన మనిషి ఎవరైనా ఉన్నారా అంటే ఉన్నారు. భుజాన శవంతో నడిచే విక్రమార్కుడున్నాడు, పరమానందయ్యగారి శిష్యులున్నారు, తెనాలి రామలింగడున్నాడు. 1947లో మొదలైన చందమామ పలాసకీ వెళ్లింది, ప్రొద్దుటూరుకీ వెళ్లింది. కథల్లో మనుషులు పెళ్లికి ముందునుంచీ ఇద్దరివైపూ ఉన్న చుట్టాలు. ఇలాంటి చుట్టం మగపెళ్లివారిలో లేడు, ఆడపెళ్లివారిలో లేడు.

ఆ చుట్టాల్లో బుడుగునే ఎందుకు ముందు పిలవాలంటే, వాడి పుస్తకం నిండా కాపురాలే. ముళ్లపూడి వెంకటరమణ 1950ల్లో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో వాడిని తెలుగువాళ్ల మీదికి వదిలారు, బాపు వాడికి రూపం గీశారు. వాడి అమ్మ పేరు రాధ, నాన్న పేరు గోపాలం. రమణగారి వేరే కథల్లో అలకలతో, బులిపింపులతో సాగే కొత్త దంపతుల పేర్లూ ఇవే. అంటే వేరే చోట మనం లోపల్నుంచి చూసే కాపురాన్ని ఇక్కడ మూడడుగుల ఎత్తునుంచి చూస్తాం. పక్కనే బాబాయి, ఆ బాబాయికి రెండుజెళ్ల సీత. అది పెళ్లికి ముందు కథ. బామ్మ ఉంది, అది పెళ్లి తర్వాతెప్పటిదో కథ. పక్కింట్లో ఇంకో జంట. ప్రేమ, కాపురం, ముసలితనం, ఇరుగు పొరుగు, అన్నీ ఒకే వసారాలో కనిపిస్తాయి, వాటికి సాక్షి ఒక పిల్లాడు. ఆ మాటకొస్తే బాపు రమణలు మన పెళ్లిపందిట్లోకి ఎప్పుడో వచ్చేశారు. 1991లో వచ్చిన ‘పెళ్లిపుస్తకం’లోని పెళ్లిపాట వినపడని పెళ్లి వీడియో తెలుగునాట అరుదు. ఆ పాట రాసిన ఆరుద్ర 1925లో పుట్టింది ఈ విశాఖపట్నంలోనే. తమాషా ఏమిటంటే ఆ సినిమాలో దంపతులు ఉద్యోగం కోసం తమకు పెళ్లయిన సంగతి దాచుకుంటారు. వాళ్లకి స్టేటస్ పెట్టుకునే వీలు లేదు. అందుకే కాబోలు, వాళ్ల మధ్య కబుర్లు అంత బావుంటాయి.

పుస్తకం దగ్గరికే వెళ్లి చూద్దాం. అందులో ఒకాయనకి పేరు లేదు. బుడుగు ఆయన్ని పక్కింటి లావుపాటి పిన్నిగారి ముగుడు అంటాడు. ఒక్కసారి ఈ పేరుని విప్పి చూడండి. మన పెళ్లిపత్రికల్లో, రేషన్ కార్డుల్లో, ఆస్పత్రి చీటీల్లో ఆడమనిషిని ఫలానావారి భార్య అని రాయడం రివాజు. బుడుగు ఆ వరస తిరగేశాడు. ఇక్కడ మగమనిషికే సొంత పేరు లేదు. పిన్నిగారు ముందు, ఆవిడ శరీరం ముందు, ఆవిడ ఇల్లు ముందు. ఆ తర్వాత చివర్న తోకలాగా ఆయన. పైగా ‘మొగుడు’ కాదు, ‘ముగుడు’. ఆ ఒక్క అక్షరం మారేసరికి మొగుడుతనంలోని గంభీరమంతా జారిపోయింది. సీగాన పెసూనాంబ సంగతీ అంతే. శ్రీ జ్ఞాన ప్రసూనాంబ అని కాళహస్తి అమ్మవారి పేరు పెట్టుకున్న పిల్ల, పలికే నాలుక చిన్నది కాబట్టి సీగాన పెసూనాంబ అయిపోయింది. ఈ పుస్తకాన్ని కళ్లతో చదివితే సగమే అందుతుంది, పైకి చదవాలి. పైకి చదివేటప్పుడు ఎదురుగా ఎవరో ఒకరుండాలి. ఇరవయ్యేళ్ల కాపురం తర్వాత కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, అమ్మ మోకాళ్ల నొప్పి తప్ప వేరే మాట సాగని ఇంట్లో, ఒకరు చదువుతూ ఇంకొకరు వింటూ ‘ముగుడు’ అనే మాట దగ్గర ఇద్దరూ ఒకేసారి నవ్వితే, కేకు వల్ల కాని పని ఆ మాట చేసిందన్నమాట.

ఇదంతా పిల్లచేష్ట అనేవాళ్లుంటారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి బుడుగు పుస్తకం పట్టుకుని కూర్చుంటే కోడలు నవ్వదా? నవ్వనివ్వండి. బుడుగు మొదట అచ్చయింది పెద్దలు చదివే వారపత్రికలోనే. పిల్లలు తర్వాత వచ్చి చేరారు. ఆ పుస్తకంలో పిల్లాడు మాట్లాడతాడు, కానీ వాడి మాటల్లో దొరికిపోయేది పెద్దవాళ్లు. ఎనిమిదేళ్లప్పుడు చదివితే ఇంటికొచ్చే ప్రైవేటు మాస్టర్లని వాడు పెట్టే తిప్పలు నవ్విస్తాయి. నలభై ఎనిమిదికి చదివితే గోపాలం ముఖం కనిపిస్తుంది. ఫ్రెంచి రచయిత సెంతెగ్జూపెరీ 1943లో ‘చిట్టి రాకుమారుడు’ అచ్చేసినప్పుడు దాన్ని లియోన్ వెర్త్ అనే పెద్దమనిషికి అంకితమిచ్చాడు. పిల్లల పుస్తకాన్ని పెద్దాయనకి ఇచ్చినందుకు పిల్లలకి క్షమాపణ చెప్పుకుని, చివరికి ఆ అంకితాన్ని ‘చిన్నపిల్లాడిగా ఉన్నప్పటి’ ఆ మనిషికే అని దిద్దుకున్నాడు. పెళ్లిరోజున ఆ దిద్దుబాటు కన్నా మంచి కానుక ఏముంటుంది? పెళ్లిలో మనకి దొరికేది పెద్దమనిషే. ఆ పెద్దమనిషి లోపలున్న నిక్కరు పిల్లాణ్నో, రెండుజెళ్ల పిల్లనో పలకరించడానికి ఏడాదికో రోజు కేటాయిస్తే నష్టమేమీ లేదు.

అసలు పెళ్లిరోజు అన్నదే దొరలు తెచ్చిన వాడుక, దానికి తెలుగు తొడుగు ఎందుకన్నది ఇంకో ఆక్షేపణ. కేకు విషయంలో ఒప్పుకుంటాను. పెళ్లిని ఏటేటా తలుచుకోవడం మాత్రం మనకి కొత్త కాదు, మనం ఆ పని దేవుళ్ల చేత చేయించాం. శ్రీరామనవమికి రాముడు పుట్టాడని అంటూనే ఆ రోజున ఊరూరా సీతమ్మతో పెళ్లి చేస్తాం. భద్రాచలానికి ముత్యాల తలంబ్రాలు వెళతాయి. విశాఖవాసికి అంతదూరం కూడా పోనక్కర్లేదు. ఏటా చైత్ర శుద్ధ ఏకాదశికి సింహాచలం అప్పన్నకి కల్యాణం జరుగుతుంది. గమనించాల్సింది ఒకటుంది. స్వామివారి పెళ్లిరోజు జ్ఞాపకార్థం అని ఎవరూ అనరు. మళ్లీ పెళ్లే చేస్తారు, మొత్తం తంతు మొదట్నుంచి. నిరుటి పెళ్లి చెల్లిపోయినట్టు, ఈ ఏడాది మళ్లీ అడిగి, మళ్లీ కట్టాలన్నట్టు. తలంబ్రాల దగ్గర పురోహితులు సరదా పడతారు, జనం కేకలు పెడతారు, దేవుడూ దేవేరీ కాసేపు పోటీపడే పిల్లలైపోతారు. మన వాళ్లకి పెళ్లిలో పిల్లచేష్టకి చోటుండాలని ఎప్పుడో తెలుసు. బిందెలో ఉంగరం వెతకడం, బంతులాట, ఇవన్నీ ముక్కూ మొహం తెలియని ఇద్దరిని కాసేపు పిల్లల్ని చెయ్యడానికి పెట్టినవే. ఆ ఆట పెళ్లినాడే ఆగిపోవాలని ఏ శాస్త్రంలోనూ లేదు.

వీటికన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. బుడుగు ఎవరి బాల్యం? ప్రైవేటు మాస్టర్లు వచ్చే ఇల్లు, కొలువున్న నాన్న, పత్రిక కొనే స్తోమత. జాలరిపేటలో పెరిగిన వాడికీ, ఉక్కు కర్మాగారం కోసం పొలం పోగొట్టుకున్న నిర్వాసితుల ఇంట్లో పుట్టిన పిల్లకీ బుడుగు చుట్టం ఎలా అవుతాడు? ఇది నిజం, దీన్ని దాటెయ్యలేం. గోదావరి గాలితో, మధ్యతరగతి వసారాలో పుట్టిన పిల్లాడు వాడు. అయితే నేను అడుగుతున్నది బుడుగుకి గుడి కట్టమని కాదు. పుస్తకం లేని ఇంట్లోకీ ఏడు చేపల కథ వెళ్లింది. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టడం, అందులో ఒకటి ఎండకపోవడం తెలియని తెలుగు పిల్ల ఉండదు. ఫిషింగ్ హార్బర్ పక్కన ఎండుచేపల వాసన మధ్య పెరిగినవాళ్లకైతే అది కథ కూడా కాదు, ఇంటి ముందు జరిగే పని. ఆ కథని పెళ్లయ్యాక ఒకసారి తిరగేసి చూడండి. చేప నేరం గడ్డిమోపు మీద, గడ్డిమోపు నేరం ఆవు మీద, ఆవు నేరం కాపరి మీద, అలా బువ్వ పెట్టని అవ్వ మీదికి, ఏడ్చిన పాప మీదికి, కుట్టిన చీమ మీదికి. అడిగిన ప్రతివాడూ నేను కాదు వాడంటాడు. సగం సంసారాల్లో రాత్రి తొమ్మిదింటి తగువు సరిగ్గా ఇలాగే నడుస్తుంది. పాలు ఎందుకు విరిగాయి అని మొదలై, ఫ్రిజ్ తలుపు, కరెంటు పోవడం, ఇన్వర్టర్ కొననివ్వని పిసినారితనం, అలా అలా వెళ్లి పన్నెండేళ్ల కిందట ఆడపడుచు అన్న మాట దగ్గర తేలుతుంది. కథలో చీమ ఒక్కటే నిజాయితీ గలది. నా పుట్టలో వేలుపెడితే కుట్టాను, అంటుంది. తప్పు ఇంకొకరి మీదికి నెట్టదు. పెళ్లిరోజున పిలవడానికి ఆ చీమ కూడా తగిన అతిథే.

ఇక ఇంగ్లీషు మీడియం తరం. చోటా భీమ్‌ని టీవీలో చూసి పెరిగిన అబ్బాయికి, టింకిల్ చదివిన అమ్మాయికి బుడుగు అక్కర్లేదంటే, వాళ్ల మనిషిని వాళ్లు పిలుచుకోనివ్వండి. బుడుగుని చిన్నప్పుడు కలవని వాళ్లు ఇప్పుడు కలవొచ్చు, వాడేమీ అనుకోడు.

చివరగా, ఊరి కష్టం తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారంలో పెట్టుబడులన్నీ ఉపసంహరించడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ తర్వాత కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వెలిసింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించినా కార్మికుల ఇళ్లలో దిగులు పూర్తిగా పోలేదు. జీతం భయం ఉన్న ఇంట్లో బుడుగేమిటి, నవ్వులేమిటి అంటే జవాబు రమణగారి దగ్గరే ఉంది. బుడుగుని రాసిన చేత్తోనే ఆయన అప్పులతో బతికే అప్పారావుని సృష్టించారు, ఆ కథలకి ‘ఋణానందలహరి’ అని పేరు పెట్టారు. డబ్బు లేనితనం ఆయనకి చదివి తెలిసింది కాదు, అనుభవించి తెలిసింది. చేతిలో రూపాయి లేనప్పుడు నవ్వు విలాసం కాదని ఆ కథలు చదివిన ఎవరికైనా తెలుస్తుంది. లెక్క కూడా చూద్దాం. హోటల్ బల్ల మీద ఒక్క సాయంత్రం అయ్యే ఖర్చుతో బుడుగు ప్రతులు ఎన్నో వస్తాయి. అదీ వద్దనుకుంటే ద్వారకానగర్ పౌరగ్రంథాలయం ఉండనే ఉంది. దీక్షా శిబిరంలో కూర్చుని ఇంటికొచ్చిన మనిషికి వెయ్యి రూపాయల కేకు కొనలేదన్న చిన్నతనం ఉండకూడదంటే, కేకు అక్కర్లేని పండగ ఒకటి వాడుకలోకి రావాలి.

కొలిమి దగ్గర పనిచేసేవాడి పెళ్లిరోజు బి షిఫ్ట్‌లో పడిందనుకోండి. పదింటికి దిగి, బండి తీసి, గాజువాక చేరేసరికి పదిన్నర దాటుతుంది. స్నానం, అన్నం అయ్యేసరికి పదకొండున్నర. బేకరీలు కట్టేస్తారు, బీచ్‌లో మురీ మిక్చర్ బళ్లు సర్దేస్తారు. తేదీ ఇంకో అరగంటలో అయిపోతుంది. ఆ అరగంటలో పక్కింటి పిన్నిగారు, ఆవిడ ముగుడు, సీగాన పెసూనాంబ, బాబాయి అందరూ వచ్చి వెళ్లడానికి వీలుంది. చదువుతూ చదువుతూ పన్నెండు దాటిపోయినా తొందరేం లేదు. పంచాంగం ప్రకారం ఇంకా తెల్లవారలేదు.